భయం పుట్టే చోట్లు, జంతువులు దాగే చోట్లు

నకరికల్లు చుట్టుపక్కల చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్ళడానికి మనిషి జంకే చోట్లకు కొదవలేదు. మండలంలోనే చేజెర్లలో, ఒకప్పటి బౌద్ధ చైత్యం కపోతేశ్వరాలయంగా మారిన పురాతన ఇటుక కట్టడం ఉంది. పిడుగురాళ్ళ వైపు వెళ్తే గుత్తికొండ బిలం. కారంపూడిలో పల్నాటి వీరులు కూలిన నేల, పక్కనే నాగులేరు. అక్కడ కార్తీకంలో వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజ జరుగుతుంది. మాచర్ల దాటితే చంద్రవంక వాగు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతల, ఆ పైన నల్లమల. గుహ, యుద్ధభూమి, పాతకాలపు కట్టడం, లోయ, అడవి అంచు: వింతజంతువుల కథలు ఎక్కడైనా పుట్టేది ఇలాంటి చోట్లలోనే. అమెరికాలో బిగ్‌ఫుట్ కోసం, హిమాలయాల్లో యతి కోసం జనం గాలించేదీ ఇలాంటి చోట్లనే. మన దగ్గర కూడా ఫోన్ చేతపట్టుకుని అర్ధరాత్రి బిలాలకూ శ్మశానాలకూ బయలుదేరే కుర్రకారు పెరిగారు. వాళ్ళను వెక్కిరించడం తేలిక, కానీ తప్పు. ఆ చోట్ల ఒళ్ళు జలదరించడం నిజం, అక్కడ ఏదో కదిలిందన్నది కూడా చాలాసార్లు నిజమే. నేను చెప్పదలచుకున్నది ఇది: భయం మనకు చోటును సరిగానే చూపిస్తుంది, జంతువును మాత్రం తప్పుగా చెబుతుంది. ఆ జంతువు ఏదో తేల్చుకునే పద్ధతి వేరే ఉంది, దాన్ని మన తెలుగు నేల మీదే ఒకసారి గొప్పగా వాడి చూపించారు.

ముందు మన కంటి సంగతి. కంటి తెరలో రెండు రకాల కణాలున్నాయి. వెలుతురులో రంగులు చూపించేవి శంకువులు, మసక వెలుతురులో పనిచేసేవి దండాలు. చీకట్లోకి వెళ్ళాక దండాలు పూర్తిగా మేలుకోవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఈలోగా ఒక్కసారి ఫోన్ తెర చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. పైగా మన చూపు సూటిగా పడే నడిమధ్య భాగంలో దండాలు అసలే ఉండవు. అందుకే చీకట్లో ఓరకంటికి కనిపించిన ఆకారం, తల తిప్పి నేరుగా చూస్తే మాయమవుతుంది. చూసినవాళ్ళు ‘ఇంతలోనే ఎటో పోయింది’ అంటారు. వాళ్ళు కల్పించి చెప్పడం లేదు, వాళ్ళ కన్ను చేసిన పనిని ఉన్నదున్నట్టు చెబుతున్నారు. చుట్టూ గుర్తులేమీ లేని చీకట్లో కదలని దీపాన్ని కాసేపు చూస్తే అది కదులుతున్నట్టు తోచడం కూడా మనస్తత్వ శాస్త్రంలో ఎన్నోసార్లు పరీక్షకు నిలిచిన విషయమే. పొలాల మీదుగా వెంటపడుతూ వచ్చే కొరివి దయ్యం కథల్లో కొన్నింటికైనా మూలం ఇక్కడ ఉంది. మిగిలిన కొన్ని నిజమైన మంటలే కావచ్చు. నీళ్ళు నిలిచిన బురదలో చెత్త కుళ్ళితే మీథేన్ పుడుతుందని ఇటలీలో ఒక సరస్సు ఒడ్డున వోల్టా 1776లోనే గమనించాడు. అది తనంతట తానే ఎలా అంటుకుంటుందన్న చిక్కుకు 2025లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన రిచర్డ్ జేర్ బృందం ఒక జవాబు ప్రతిపాదించింది: నీటిలో పైకొచ్చే సన్నని మీథేన్ బుడగల మధ్య అతి చిన్న మెరుపులు పుడుతున్నాయని. 1967 ఆగస్టులో సాగర్ నీళ్ళు వదిలాక కుడికాలువ కింద వరి మళ్ళుగా మారిన పల్నాటి నేలలో ఆ బురదకు లోటు లేదు.

కన్ను చేసే పొరపాటు సగమే. రెండో సగం, అక్కడ నిజంగా ఉన్న జంతువులు. గుడ్డెలుగును తీసుకోండి. నల్లని జూలు, మనిషంత ఎత్తు, కోపం వచ్చినా వాసన పట్టాలన్నా వెనక కాళ్ళ మీద నిలబడే అలవాటు. మనిషిలాగే మడమ మోపి నడుస్తుంది కాబట్టి మెత్తని నేల మీద దాని వెనక పాదం గుర్తు, గోళ్ళ గీతలు చెరిగిపోతే, వెడల్పాటి మనిషి అడుగులా కనిపిస్తుంది. పుట్ట తవ్వి చెదలను పీల్చేటప్పుడు అది చేసే బుసబుస చప్పుడు నూటయాభై మీటర్లు దాటి వినిపిస్తుంది. రాత్రిపూట రాళ్ళ మధ్య నుంచి ఆ చప్పుడు వింటే అది చీమలూ చెదలూ తినే జంతువుదని ఎవరికి తడుతుంది? ఇక దుమ్ములగొండి. వెన్ను మీది జూలు నిక్కబొడిస్తే అసలు ఒంటి కంటే ఎంతో పెద్దగా కనిపిస్తుంది. చచ్చిన గొడ్ల ఎముకలను గుహలకు ఈడ్చుకెళ్ళి పోగు పెడుతుంది. బిలంలో ఎముకల గుట్ట కనిపిస్తే రాక్షసుడి కథ పుట్టక మానదు. సౌదీ అరేబియాలో ఉమ్ జిర్సాన్ అనే లావా గుహలో వేల ఏళ్ళుగా పేరుకున్న లెక్కలేనన్ని ఎముకలు బయటపడ్డాయి, వాటిలో మనుషుల పుర్రెల ముక్కలూ ఉన్నాయి. పరిశోధకులు వాటిని పరీక్షించి 2021లో ప్రకటించిన దాని ప్రకారం అది ప్రధానంగా చారల దుమ్ములగొండ్ల పని. పుర్రెలు చూసి ఎవరైనా నరభక్షకుడి గుహ అనుకుంటే అందులో వింత లేదు. ఎముకల మీద పళ్ళ గాట్లు చూశాకే అసలు పేరు తెలిసింది.

ఇంటికి ఇంకా దగ్గర్లో ఒక ఉదాహరణ ఉంది. 2017లో విశాఖపట్నంలో కట్టుబడిలో ఉన్న ఒక భవనం నుంచి వచ్చిన వీడియో దేశదేశాలూ తిరిగింది. బోసి ఒళ్ళు, నిటారుగా నిలబడిన మూడు ఆకారాలు, చదునైన మొహాలు, నల్లటి కళ్ళు. గ్రహాంతరవాసులని కొందరు, పిశాచాలని కొందరు అన్నారు. అవి తెల్లమొహం గుడ్లగూబ పిల్లలు, ఇంకా ఈకలు సరిగా రానివి. ఊళ్ళోని పాత మేడలో, గుడి గోపురంలో, ధాన్యం కొట్టంలో మన పక్కనే బతికే పక్షి అది, ఎలకలు తిని రైతుకు మేలు చేసేది. దాని అరుపు గొంతు చించుకున్న ఆడమనిషి కేకలా ఉంటుంది. అడవుల్లో ఉండే ఒక రకం పెద్ద గుడ్లగూబ అరుపైతే ఇంకా ఘోరం, శ్రీలంకలో దాన్ని దయ్యప్పిట్ట అని భయపడతారు. ఊళ్ళోని జీవినే మనం ఇంతగా పోల్చుకోలేకపోయినప్పుడు, కొండలోని జీవిని ఒక్క క్షణం చూసి పోల్చుకోగలమని ఎలా నమ్మడం?

చీకట్లో మెరిసే కళ్ళ గురించి ఒక మాట. చిరుత, నక్క, పునుగుపిల్లి, దుమ్ములగొండి, మొసలి, ఇలా రాత్రి తిరిగే చాలా జీవుల కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, టార్చి వేస్తే ఎర్రగానో పచ్చగానో మెరిసేది అదే. మనుషులకూ, తోకలేని పెద్ద వానరాలకూ, మన ఊరి కోతులకూ ఆ పొర లేదు. కాబట్టి ‘మనిషిలాంటి ఆకారం, నిప్పుల్లాంటి కళ్ళు’ అన్న వర్ణనలోనే చిక్కుంది: కళ్ళు మెరిస్తే అది అడవిమనిషి కావడానికి అవకాశం దాదాపు లేదు. చూసినది నిజమే అనుకున్నా, ఆ సాక్ష్యమే కథకు అడ్డం తిరుగుతుంది.

ఇప్పుడు నేల దగ్గరకు వద్దాం. ఒక పెద్ద జంతువు తరతరాలుగా ఒక ప్రాంతంలో బతకాలంటే ఒక్కటే ఉంటే కుదరదు, ఆడా మగా పిల్లలూ కలిసి ఒక మందే ఉండాలి. ఆ మంద రోజూ తినాలి, పేడ వేయాలి, వెంట్రుకలు రాల్చాలి, చావాలి. చచ్చినప్పుడు కనీసం పళ్ళయినా మిగలాలి, ముఖ్యంగా సున్నపురాయి గుహల్లో. ఎందుకంటే ఆ రాయి ఎముకను త్వరగా కరగనివ్వదు. దీనికి రుజువు మన దగ్గరే ఉంది. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1880ల మధ్యలో కర్నూలు ప్రాంతంలో బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను తవ్వించారు. అక్కడ దొరికిన ఎముకలను 1886లో లిడెకర్ పరిశీలించి, అందులో ఒక ఖడ్గమృగాన్నీ, ఒక పునుగుజాతి జంతువునూ కర్నూలు పేరు కలిపి శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఒక్కసారి ఆలోచించండి. ఆ ఖడ్గమృగాన్ని రాయలసీమలో చూశామని చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, దాని గురించి మనమెరిగిన కథ లేదు, పాట లేదు. అయినా అది ఉండేదని మనకు తెలుసు, ఎందుకంటే ఎముక మిగిలింది. కథలన్నీ ఉండి ఒక్క పన్నుకూడా దొరకని జంతువు, ఒక్క కథా లేకుండా పళ్ళు దొరికిన జంతువు: ఈ రెండింట్లో ఏది నిజంగా ఇక్కడ తిరిగిందో చెప్పడం కష్టం కాదు. పల్నాటి సున్నపురాయి కూడా కర్నూలు రాళ్ళ శ్రేణికి చెందినదే. గుత్తికొండ లాంటి చోట్ల ఏదైనా వింత జీవి కాపురం ఉండి ఉంటే వెతకవలసింది గుహ నేల మట్టిలో, గోడల మీది నీడల్లో కాదు.

బతికున్న జంతువు మాటేమిటి? 2018-19 నాటి అఖిల భారత పులుల లెక్కింపులో 26,838 చోట్ల దానంతటదే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కూడా అందులో ఉంది. వచ్చిన ఫొటోలు 3 కోట్ల 48 లక్షల పైచిలుకు. వాటిలో పులులవి 76,651, చిరుతలవి 51,777. ఒంటి చారలను బట్టి 2,461 పులులను విడివిడిగా గుర్తించారు. ఆ కెమెరాకు పులి, ముళ్ళపంది, పశువుల కాపరి, వేటగాడు అనే తేడా లేదు. ముందు నుంచి వేడి ఒళ్ళుతో ఏది నడిచినా తీస్తుంది. దాక్కోవడంలో చిరుతను మించిన జంతువు మన అడవుల్లో లేదు, దానివే అర లక్ష ఫొటోలు దాటాయి. ఎవరూ ఎరగని పెద్ద జంతువు ఒక్కటి కూడా అంత రాశిలో లేదు. హిమాలయాల్లో యతివని దాచుకున్న ఎముకలు, పళ్ళు, చర్మం, వెంట్రుకల నమూనాలు తొమ్మిదింటి జన్యువులను 2017లో షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం పరీక్షిస్తే ఎనిమిది ఎలుగుబంట్లవీ, ఒకటి కుక్కదీ అని తేలింది. అమెరికా, కెనడాల్లో ఎక్కడ నల్ల ఎలుగులు ఎక్కువో అక్కడే బిగ్‌ఫుట్‌ను చూశామన్న ఫిర్యాదులూ ఎక్కువని ఫ్లో ఫాక్సన్ 2024లో లెక్కలతో చూపించాడు. రెండు ఖండాల కథల వెనకా ఎలుగుబంటి నిలబడి ఉండడం కాకతాళీయం అనిపించదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది, దాన్ని దాటవేయకూడదు. ‘కలివికోడిని కూడా మీరు లేదన్నారు కదా?’ అని. నిజమే. 1848లో జెర్డన్ వెలుగులోకి తెచ్చిన ఆ పక్షిని 1900లో అనంతపురం ప్రాంతంలో కాంప్‌బెల్ చూశాక మళ్ళీ పండితులెవరూ చూడలేదు. అంతరించిందని రాసేశారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ వెతుకులాటలో, కడప జిల్లా సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర, ఒక స్థానిక వేటగాడు దాన్ని రాత్రి టార్చి వెలుతురులో పట్టి చూపించాడు. ఎనభై ఆరేళ్ళు కనబడని పక్షి! గుత్తి రైల్వే కలప డిపోలో దొరికి 1899లో పోకాక్ వర్ణించిన నీలి సాలీడు కథా ఇలాంటిదే. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమలలో ఉందని తెలిసింది 2001లో. కాబట్టి నిపుణులు లేదన్నంత మాత్రాన లేకుండా పోదు, ఒప్పుకుంటాను. అయితే ఈ రెండు కథలనూ పూర్తిగా వింటే అవి అడవిమనిషి వైపు సాక్ష్యం చెప్పవు. కలివికోడికి మొదటి నుంచీ చర్మపు నమూనాలున్నాయి, బొమ్మలున్నాయి. అది చిన్న పక్షి, ముళ్ళపొదల మధ్య రాత్రే తిరుగుతుంది. పగలు వెతికినవాళ్ళకు దొరకలేదు, రాత్రి వెతికినవాళ్ళకు దొరికింది. అన్నిటికన్నా ముఖ్యం, స్థానికులకు అది వింత కానే కాదు. వాళ్ళు దాన్ని ఫలానా పొదల్లో, ఫలానా వేళ తిరిగే ఒక మామూలు పక్షిగా ఎరుగుదురు. నిజమైన జంతువు గురించి అడవిలో బతికేవాళ్ళ మాట ఇలాగే ఉంటుంది: ఏం తింటుంది, పిల్లలను ఎక్కడ పెడుతుంది, ఏ కాలంలో కనిపిస్తుంది. నల్లమల చెంచులు గుడ్డెలుగు గురించి అలా చెప్పగలరు. దయ్యం గురించి చెప్పే మాటల్లో తిండీ పిల్లలూ ఉండవు, చూసినవాడి భయం ఒక్కటే ఉంటుంది.

తిరిగి దొరికాక జరిగిన పని ఇంకా గొప్పది. 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, ఆ పక్షి కోసం తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. పి. జెగనాథన్, ఆయన తోటి పరిశోధకులు పక్షి వెంట పరుగెత్తలేదు. పొదల మధ్య ఖాళీల్లో మెత్తని మట్టిని పల్చగా పరిచి, పొద్దున్నే వచ్చి దాని మీది కాలిగుర్తులు చదివారు. ఆ గుర్తులు ఏ పక్షివో పొరబడకుండా పక్కనే కెమెరాలు పెట్టారు. అరుపును రికార్డు చేసి, పొద్దు గూకాక కొద్దిసేపే అరుస్తుందని తెలుసుకుని, ఆ వేళకే చెవి ఒగ్గారు. 1917లో కోలార్ బంగారు గనుల దగ్గర సేకరించిన గుడ్డు ఒకటి స్కాట్లాండులోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో 2013లో బయటపడితే, జన్యుపరీక్ష చేశాకే అది కలివికోడిదని నమ్మారు. ప్రతి అడుగులోనూ ‘ఇది వేరే పక్షిదేమో’ అన్న అనుమానానికి చోటిచ్చారు, అది తీరాకే ముందుకు వెళ్ళారు. వింతజంతువుల వేటలో కొరవడేది ఇదే. అక్కడ కొమ్మ విరిగినా సాక్ష్యమే, విరగకపోయినా ‘అది తెలివైనది’ అన్న సాక్ష్యమే. ఏం జరిగినా ఓడిపోని నమ్మకానికి గెలిచే అవకాశమూ ఉండదు.

మరో అభ్యంతరం మనసును తాకేది. భయమే కదా ఇన్నాళ్ళూ ఆ గుట్టల్నీ వనాల్నీ కాపాడింది, దాన్ని తీసేస్తే గొడ్డలి వెళ్ళదా? కొంతవరకు నిజం, దేవుడికో దయ్యానికో వదిలేసిన చోటే చెట్టు మిగిలిన ఊళ్ళున్నాయి. కానీ ఆ భయం చోటును కాపాడినా, జంతువును చంపుతోంది. అరకిలో బరువు కూడా లేని దేవాంగపిల్లి, పెద్ద కళ్ళతో మెల్లగా కొమ్మ పట్టుకుని పాకే అమాయకపు జీవి, చేతబడి పేరుతో హింసకు గురవుతోంది. దీపావళి అమావాస్య దగ్గరపడితే గుడ్లగూబలకు ప్రాణగండం. రెండు తలల పాము అన్న పుకారుతో, మొద్దు తోక తప్ప ఏ పాపం ఎరగని ఒక పాము లక్షల బేరాల పాలవుతోంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచీ ఉన్నా, కొనేవాడికి కథ మీద నమ్మకం ఉన్నంతకాలం అమ్మేవాడు అడవికి వెళ్తూనే ఉంటాడు. జంతువును జంతువుగా ఎరిగిన ఊరికి దాన్ని కాపాడుకోవడం తేలిక. కాబట్టి భయం పోతే అడవి పోతుందన్న వాదనను నేను ఒప్పుకోను. భయం స్థానంలో పరిచయం వస్తే చెట్టూ దక్కుతుంది, దానిమీది జీవీ దక్కుతుంది.

పెద్దలు చూశామన్నది అబద్ధమా అని అడిగేవారికి పైన చెప్పినదే జవాబు. వాళ్ళు చూశారు. ఏం చూశారో పోల్చుకునే వెలుతురు ఆనాడు వాళ్ళ చేతిలో లేదు, ఈనాడు మన చేతిలో ఉంది.

కనక పల్నాటి చీకట్లో జీవిని వెతకాలనుకునే యువకులు వెతకాలి, తప్పకుండా. అయితే పులుల అభయారణ్యంలోకి అనుమతి లేకుండా రాత్రి అడుగు పెట్టడం నేరం, ప్రాణాపాయం కూడా. వదిలేసిన సున్నపురాయి గుంతలు, దిగుడు బావులు, దారిమీద పడుకున్న రక్తపింజర ఏ దయ్యం కంటేనైనా నిజమైన ముప్పు. లోతైన బిలంలో గాలి ఆడక బొగ్గుపులుసు వాయువు పేరుకుంటుంది, అక్కడ కలిగే ఆయాసం, తల తిరగడం ఆవహించిన శక్తివి కావు, వెంటనే బయటికి రమ్మనే హెచ్చరికలు. ఈ ప్రమాదాలు తక్కువగా ఉండే మంచి వేట స్థలం ఊరి పొలిమేరలోనే దొరుకుతుంది: వాగు ఒడ్డు, రేగుపొదల మధ్య కాలిబాట, చెరువుగట్టు వెనక వైపు. సాయంత్రం వెలుతురుండగానే అక్కడ బారెడు పొడవున రాళ్ళు ఏరేసి, జల్లించిన మట్టి పల్చగా పరిచి, అరచేత్తో చదును చేసి రావాలి. పొద్దున ఆ మట్టి మీద పడిన గుర్తు పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫొటో తీసుకుంటే దాని పరిమాణం తర్వాత తగాదా పడకుండా తేలుతుంది. అటవీశాఖ సిబ్బందికో, జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకులకో ఆ ఫొటోలు చూపిస్తే నక్కా, అడవిపిల్లా, దుమ్ములగొండా అన్నది చెప్పగలరు. ఫొటో కోసం తెల్లవారగానే వెళ్ళాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నంతసేపే కాలిగుర్తు అంచులకు నీడ ఉంటుంది. పొద్దెక్కితే నీడ తగ్గి, గాలికి మట్టి జారి, పులి అడుగూ కుక్క అడుగూ ఒక్కలాగే కనిపిస్తాయి.